నీడలను చదువుట: పిల్లల ఊపిరితిత్తుల చిత్రణ పద్ధతులపై ఒక విమర్శ

కంటికి కనిపించు సాక్ష్యమునకు వైద్యములో గొప్ప గౌరవమున్నది. రోగి చెప్పిన మాటను, తల్లి చెప్పిన లక్షణమును సందేహించువారు కూడ, ఎక్స్-రే ఫిలిమును వెలుతురునకు ఎదురుగా పట్టి చూపినచో మారుమాటాడక ఒప్పుకొందురు. కాని ఫిలిము మీద ఉన్నది రోగము కాదు. రోగము యొక్క నీడ మాత్రమే. నీడను చూచి వస్తువును పోల్చుకొనుట ఎంత ఉపయోగమైన విద్యయో, అంత ప్రమాదమైనది కూడ. ఈ ప్రమాదము పెద్దల విషయములో కంటె పిల్లల విషయములో ఎక్కువ. నగరములో కంటె కొండలలో మరింత ఎక్కువ.

పిల్లల ఊపిరితిత్తులను చిత్రించు పద్ధతులు గడచిన నూరేండ్లలో బహుముఖముగా పెరిగినవి. వాటిలో చాల భాగము సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి గల పిల్లలను పరీక్షించుటలో పదునెక్కినవి. ఆ పద్ధతుల గుణదోషములను తూచుటకు నాలుగు ప్రశ్నలు చాలును. అది ఏమి చూపును? ఎంత హాని చేయును? బిడ్డ ఉన్న చోటికి రాగలదా? చూచిన తరువాత చికిత్స మారునా? మొదటి ప్రశ్నకు జవాబు యంత్రములు చేయువారు వివరముగా చెప్పుదురు. కడపటి రెండు ప్రశ్నలకు జవాబు దొరకవలెనన్నచో అరకులోయ వంటి చోట నిలబడి చూడవలెను.

వ్యాధి స్వభావము

సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటువ్యాధి కాదు. వంశపారంపర్యముగా వచ్చు జన్యువ్యాధి. తల్లిదండ్రులిద్దరును లోపమున్న జన్యువును ఒక్కొక్కటి మోయుచు, తాము మాత్రము ఆరోగ్యముగానే ఉందురు. అట్టివారికి పుట్టు ప్రతి బిడ్డకును ఈ రోగము వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. మెండెల్ బఠానీ మొక్కల పాఠము చదివిన విద్యార్థికి ఈ లెక్క కొత్తది కాదు.

ఈ జన్యువు 7వ క్రోమోజోము మీద ఉన్నదని 1989లో కనుగొనిరి. కణపు పొర గుండ క్లోరైడు అయానులు పోవుటకు ద్వారము వంటి ఒక ప్రోటీనును ఇది తయారుచేయించును. ద్వారము చెడినచో ఉప్పును, దాని వెంట నీరును సరిగా కదలవు. శ్వాసనాళికలలో పలుచగా జారవలసిన శ్లేష్మము జిగురువలె చిక్కబడును. అందులో సూక్ష్మజీవులు స్థిరపడి నాళికల గోడలను క్రమముగా పాడుచేయును. చివరకు నాళికలు శాశ్వతముగా వెడల్పై, చీము, కళ్లె నిలువయుండు సంచులవలె మారును. ఈ స్థితిని బ్రాంకియెక్టాసిస్ అందురు. క్లోమరసము పేగులోనికి సరిగా రానందున తిన్న కొవ్వు అరగక బిడ్డ బరువు పెరగదు. చెమట మాత్రము మిక్కిలి ఉప్పగా ఉండును.

ఈ వ్యాధిని 1938లో డొరొతీ ఆండర్సన్ అను అమెరికా వైద్యురాలు ప్రత్యేకముగా వర్ణించెను. 1948లో న్యూయార్కు నగరమున వడగాడ్పులు వీచినప్పుడు ఈ పిల్లలు ఇతరుల కంటె త్వరగా సోలిపోవుటను గమనించి, వారి చెమటలో ఉప్పు అధికమని పాల్ డి సాంట్ ఆగ్నీస్ నిరూపించెను. 1959లో గిబ్సన్, కుక్ అనువారు చెమటను సులువుగా రప్పించి కొలుచు పరీక్షను ఏర్పరచిరి. నేటికిని ఈ రోగ నిర్ణయమునకు ఆ పరీక్షయే పునాది. అనగా ఈ ఊపిరితిత్తుల వ్యాధిని నిశ్చయించునది ఊపిరితిత్తుల చిత్రము కాదు. చర్మము మీది చెమట. ఈ విషయమును మొదటనే గుర్తుంచుకొన్నవారికి తక్కిన విమర్శయంతయు సులభమగును.

ఇది ఐరోపా జాతుల రోగమనియు, భారతదేశములో లేదనియు చాలకాలము అనుకొనిరి. 1968లో మన దేశపు శిశువైద్య పత్రికలో తొలి నివేదిక వెలువడెను. తరువాత న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ మొదలగు చోట్ల వైద్యులు వెదకగా మరి ఎందరో పిల్లలు బయటపడిరి. ఐరోపాలో ఈ రోగుల జన్యువులలో సుమారు 70 శాతము ఒకే విధమైన మార్పు కలవి. మన దేశములో ఆ మార్పు అంత తరచు కాదు. రోగము తక్కువగా ఉండుట వేరు, రోగమును వెదకకుండుట వేరు. ఈ భేదమును మరచుట వలన ఎందరో పిల్లలు ‘క్షయ’ అనియో, ‘ఉబ్బసము’ అనియో, ‘మాటిమాటికి వచ్చు న్యుమోనియా’ అనియో వేరు పేర్లతో చికిత్స పొందిరి.

సాదా ఎక్స్-రే

1895 నవంబరులో రంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. ఎముక ఈ కిరణములను ఎక్కువగా పీల్చుకొనును. మాంసము కొంత పీల్చుకొనును. గాలి దాదాపు పీల్చుకొనదు. కాబట్టి గాలితో నిండిన ఊపిరితిత్తి ఫిలిము మీద నల్లగాను, కళ్లెతో గాని చీముతో గాని నిండిన భాగము తెల్లగాను కనిపించును. రొమ్ములో ప్రకృతియే నలుపు తెలుపుల తేడాను సిద్ధము చేసి ఉంచినది. అందువలననే సాదా ఎక్స్-రే ఊపిరితిత్తులకు అంతగా పనికివచ్చినది.

దాని గుణములు స్పష్టము. క్షణములో ముగియును. ఖర్చు తక్కువ. రొమ్ము ఎక్స్-రే ఒకదానికి తగులు కిరణ మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్టు. నేల నుండియు, ఆకాశము నుండియు, ఆహారము నుండియు ప్రతి మనిషికిని ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎట్లును తగులుచున్నవి. ఆ లెక్కన ఒక ఎక్స్-రే మూడు దినముల సహజ మోతాదునకు సమానము.

దోషములు కూడ అంత స్పష్టము. మొదటిది, లోతు తెలియకపోవుట. అరకులో సిల్వర్ ఓక్ చెట్టునకు మిరియపు తీగ అల్లుకొని ఉండును. దాని కింద కాఫీ మొక్క ఉండును. మిట్టమధ్యాహ్నము నేల మీద పడిన నీడలో ఈ మూడును ఒకటైపోవును. ఏ ఆకు పైది, ఏ ఆకు కిందిది అని నీడను బట్టి చెప్పలేము. రొమ్ములోని పక్కటెముక, గుండె, రక్తనాళములు, శ్వాసనాళికలు అన్నియు ఇట్లే ఒకే తలము మీద ఒత్తబడును. రెండవది, ఊపిరి. నిండుగా గాలి పీల్చినప్పుడు తీసిన చిత్రము ఒక విధముగాను, గాలి వదలినప్పుడు తీసినది మరొక విధముగాను ఉండును. స్పంజిని పిండినచో దట్టమగునట్లు, గాలి వదలిన ఊపిరితిత్తి రోగము లేకున్నను తెల్లబారి కనిపించును. మూడేండ్ల బిడ్డతో ‘ఊపిరి బిగబట్టు’ అని చెప్పి చేయించుట ఎవరి తరము? మూడవది, ఆలస్యము. నాళికల గోడలు మందమగుట ఆరంభమైన చాల దినములకు గాని సాదా ఫిలిము దానిని చూపదు. కనుక ‘ఎక్స్-రే బాగున్నది’ అనగా ‘ఊపిరితిత్తి బాగున్నది’ అని అర్థము కాదు.

ఈ దోషములను సవరించుటకు వైద్యులు మార్కుల పద్ధతులను కల్పించిరి. 1974లో క్రిస్పిన్, నార్మన్ అనువారు ఒక పద్ధతిని, 1979లో బ్రాస్‌ఫీల్డ్ మొదలగువారు మరొక పద్ధతిని ప్రకటించిరి. బ్రాస్‌ఫీల్డ్ పద్ధతిలో 25 మార్కులు వచ్చినచో ఊపిరితిత్తి నిర్దోషము. గాలి చిక్కుకొనుట, గీతలు, గుండ్రని మచ్చలు మొదలగు ఐదు అంశములను చూచి మార్కులు తగ్గింతురు. ఇది పరీక్షా పత్రములు దిద్దు ఉపాధ్యాయునకు బాగుగా తెలిసిన పని. దాని బలహీనత కూడ ఆయనకు తెలిసినదే. ఒకే వ్యాసమునకు ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే విధముగా మార్కులు వేయరు. 25లో 19 అన్న అంకె ఉష్ణమాపకము చూపిన డిగ్రీవలె కనిపించును గాని, అది కొలత కాదు. అంకె వేషము వేసికొన్న అభిప్రాయము. ఒకే బిడ్డను, ఒకే కన్ను, ఏటేట చూచి పోల్చునప్పుడు మాత్రము ఈ మార్కులకు నిజమైన విలువ వచ్చును.

ఆ పోలిక జరుగవలెనన్నచో పాత ఫిలిము ఉండవలెను. ఐరోపా వైద్యశాలలలో పుట్టిన పద్ధతులన్నియు ఈ సౌకర్యమును ఉన్నదనుకొని పుట్టినవి. ఎక్స్-రే తీయించుకొని, వాన కారు గుడిసెలో దాచి, మరుసటి ఏడు మరొక ఆసుపత్రికి పోవు కుటుంబమునకు ఆ ఆధారము లేదు. కొండలలో ఒక కొత్త యంత్రము కంటె, తేదీ వేసి భద్రపరచిన పాత ఫిలిము ఎక్కువ మేలు చేయగలదు.

తైలము నుండి సి.టి. వరకు

శ్వాసనాళికల వెడల్పును సాదా ఫిలిము సరిగా చూపనందున 1922లో సికార్, ఫారెస్టియర్ అను ఫ్రెంచి వైద్యులు అయోడిను కలిపిన తైలమును నాళికలలోనికి పంపి ఎక్స్-రే తీయు పద్ధతిని తెచ్చిరి. కొమ్మలు కొమ్మలుగా చీలిన నాళికావృక్షము తెల్లగా, స్పష్టముగా కనిపించెను. కాని దగ్గుచున్న బిడ్డ ఊపిరితిత్తిలోనికి తైలము పోయుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. చిత్రము అందముగా ఉండుట బిడ్డకు మేలగుటతో సమానము కాదని ఈ పద్ధతి ఏనాడో నేర్పినది. సి.టి. వచ్చిన తరువాత ఇది దాదాపు మూలపడినది.

సి.టి. పద్ధతికి కారకులు కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్. వారికి 1979లో నోబెల్ బహుమానము వచ్చెను. ఎక్స్ కిరణమును శరీరము చుట్టును తిప్పి, ప్రతి దిక్కు నుండియు ఎంత కిరణము బయటికి వచ్చినదో కొలిచి, గణితముతో లోపలి అడ్డుకోతను నిర్మింతురు. ఆనపకాయను చక్రములుగా తరిగినట్లు, రొమ్మును కోయకయే కోత తరువాత కోతగా చూడవచ్చును. నాళిక, దాని పక్కనున్న రక్తనాళము సాధారణముగా ఇంచుమించు సమానమైన వెడల్పు కలవి. నాళిక దాని జోడు కంటె స్పష్టముగా వెడల్పైనచో అది బ్రాంకియెక్టాసిస్ గుర్తు. 1991లో భల్లా మొదలగువారు సి.టి. చిత్రములకు మార్కుల పద్ధతిని ఏర్పరచిరి.

సి.టి. నేర్పిన పాఠములలో మిక్కిలి గొప్పది ఆస్ట్రేలియా నుండి వచ్చినది. పుట్టిన వెంటనే పరీక్షచేసి గుర్తించిన 127 మంది శిశువులను అక్కడి వైద్యులు వరుసగా పరీక్షించి, 2013లో ఫలితమును ప్రకటించిరి. మూడు నెలల వయస్సున సి.టి. తీసిన శిశువులలో సుమారు 29 శాతమునకు, మూడేండ్ల వయస్సున సుమారు 62 శాతమునకు బ్రాంకియెక్టాసిస్ కనిపించెను. పైకి బాగున్నట్లు తోచు శిశువు ఊపిరితిత్తిలో రోగము అప్పుడే పనిచేయుచున్నదన్నమాట. ఈ జ్ఞానము సాదా ఎక్స్-రే వలన ఎన్నటికిని వచ్చెడిది కాదు. సి.టి.ని విమర్శించువారు ముందుగా ఈ ఋణమును ఒప్పుకొనవలెను.

ఒప్పుకొన్న తరువాత మోతాదును లెక్కింపవలెను. పెద్దవారికి తీయు సాధారణ రొమ్ము సి.టి. మోతాదు సుమారు 5 నుండి 7 మిల్లీసీవర్టులు. అనగా రెండు మూడేండ్ల సహజ మోతాదు. పిల్లలకు తగినట్లు తగ్గించి తీయు మంచి కేంద్రములలో ఇది 1 మిల్లీసీవర్టు దరిదాపులకు దిగినది. పెద్దల అమరికతోనే బిడ్డకు తీసినచో ఆ తగ్గింపు ఉండదు. పెరుగుచున్న కణములకు కిరణముల వలన కీడు ఎక్కువ. బిడ్డ ముందు గడపవలసిన ఏండ్లు కూడ ఎక్కువ. పదేండ్ల లోపు పిల్లలకు తీసిన 10,000 తల సి.టి.లకు, తరువాతి పదేండ్లలో ఒక అదనపు రక్త క్యాన్సరు, ఒక అదనపు మెదడు కణితి ఏర్పడగలవని 2012లో బ్రిటనులో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది. ఇది తల సి.టి. లెక్క, రొమ్మునకు యథాతథముగా వర్తింపదు. ప్రమాదము స్వల్పము, శూన్యము కాదు. అవసరమున్నచో వెనుదీయనక్కరలేదు; అవసరము లేకున్నచో ఒక్కటియు తీయరాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ జీవితాంతము ఉండు వ్యాధి కావున ఏటేట సి.టి. తీయు అలవాటు మోతాదును పోగుచేయును. చూచుట అలవాటైనచోట ‘ఎందుకు చూచుచున్నాము’ అను ప్రశ్న మరుగునపడును.

కిరణములు లేని పద్ధతులు

అయస్కాంత క్షేత్రములో హైడ్రోజను కేంద్రకములు ఇచ్చు సంకేతములతో చిత్రము గీయు పద్ధతి ఎం.ఆర్.ఐ. దీనికి లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞులకు 2003లో నోబెల్ బహుమానము లభించినది. ఇందులో ఎక్స్ కిరణములు లేవు. అయినను ఊపిరితిత్తి దీనికి చాలకాలము లొంగలేదు. ఊపిరితిత్తిలో గాలి ఎక్కువ, నీరు తక్కువ. కాబట్టి హైడ్రోజను తక్కువ. గాలి, కణజాలము కలియు కోట్లకొలది సరిహద్దుల వద్ద అయస్కాంత క్షేత్రము అస్తవ్యస్తమై, సంకేతము ఒకటి రెండు మిల్లీసెకండ్లలో చల్లారిపోవును. పైగా గుండె కొట్టుకొనుచుండును, రొమ్ము కదలుచుండును. సంకేతము చల్లారక ముందే పట్టుకొను అతిశీఘ్ర పద్ధతులు వచ్చిన తరువాత ఈ కష్టము కొంత తీరినది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వైద్యులు 2012లో ఎం.ఆర్.ఐ. చిత్రములకు కూడ మార్కుల పద్ధతిని ప్రకటించిరి.

మరొక మార్గమున గ్జినాన్-129 అను వాయువు కేంద్రకములను లేజరు సహాయముతో ఒకే దిశకు మళ్లించి, ఆ వాయువును పీల్పించి చిత్రము తీయుదురు. గాలి చేరిన భాగము వెలుగును. చేరని భాగము చీకటిగా మిగులును. నాళిక ఆకారమును గాక, ఊపిరి పోవుచున్నదా లేదా అన్న విషయమును ఇది నేరుగా చూపును. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని పెద్దలకును, 12 ఏండ్లు నిండిన పిల్లలకును అనుమతించినది.

ఎం.ఆర్.ఐ. ప్రధాన దోషము నగరములోనే మొదలగును. ఆ పరీక్షకు చాల నిమిషములు పట్టును. గట్టిగా చప్పుడు చేయు సొరంగములో చిన్న బిడ్డ కదలకుండ పడుకొనుట అరుదు. తరచుగా మత్తుమందు కావలసివచ్చును. కిరణములు లేనంతమాత్రమున పద్ధతి హాని లేనిదని అనుకొనరాదు. యంత్రపు ధర, విద్యుత్తు, నిపుణులు అను మూడును దొరకు చోట, పదేపదే చూడవలసిన పెద్ద పిల్లలకు ఇది మేలైన మార్గము. దొరకని చోట దీనిని పొగడుట వలన లాభము లేదు.

ధ్వని తరంగ పరీక్ష కథ వేరు. ఇక్కడ కిరణము లేదు, మత్తు లేదు. యంత్రము చేతిసంచిలో పట్టును. కాని ధ్వని కణజాలము నుండి గాలిలోనికి పోవు సరిహద్దు వద్ద దాదాపు పూర్తిగా వెనుకకు మళ్లును. అందువలన ఊపిరితిత్తి పైపొరను తాకిన న్యుమోనియాను, ఊపిరితిత్తి చుట్టును చేరిన నీటిని ఇది చక్కగా చూపును. లోతున వెడల్పైన నాళికను చూపలేదు. దీనిని సి.టి.కి బదులని చెప్పుట తప్పు. పనికిరాదని చెప్పుట కూడ తప్పే.

కొండలలో నిలిచి చూచినచో

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున ఉన్నది. 2022 ఏప్రిల్ 4 నుండి ఇది పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. లోయలో రైలున్నది, బస్సున్నది. కాని ముంచంగిపుట్టు, పెదబయలు, డుంబ్రిగుడ వంటి మండలములలో కొండ మీది ఊళ్లున్నవి. రోడ్డు లేని ఊరి నుండి రోగిని డోలీ కట్టి మోసికొనివచ్చుట ఈ కొండలలో నేటికిని ఉన్నది. కట్టెల పొయ్యి పొగ నిండిన ఇంటిలో, శీతకాలపు మంచులో, బిడ్డ దగ్గుట ఇక్కడ వింత కాదు. వింత కాకపోవుటయే చిక్కు. మూడు వారముల దగ్గును, మూడేండ్ల దగ్గును ఒకే గాటన కట్టుదురు.

ఒక ఉదాహరణ ఊహింతము. ఆరేండ్ల పిల్ల. ఏడాదికి నాలుగుసార్లు న్యుమోనియా. బరువు పెరగదు. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి పైభాగమున తెల్లని మచ్చలు. ఈ కొండలలో క్షయ నిజముగా ఉన్నది కావున మొదట క్షయను అనుమానించుట న్యాయమే. అనుమానించిన పిదప నిరూపింపవలెను. చిన్నపిల్లలు కళ్లెను ఉమ్మరు, మింగుదురు. కాబట్టి కడుపులోని ద్రవమును తీసి, క్షయ క్రిముల జన్యుపదార్థమును వెదకు పరీక్ష చేయవలెను. ఈ శ్రమను దాటవేసి ‘ఎక్స్-రేలో కనిపించినది కదా’ అని ఆరు నెలల మందులు మొదలుపెట్టినచో ఏమగును? పిల్లకు క్షయ అయినచో నయమగును. కానిచో ఆరు నెలలు పోవును. ఆ కాలములో అసలు రోగము నాళికలను కొరుకుచునే ఉండును. సిస్టిక్ ఫైబ్రోసిస్ మచ్చలు తరచుగా పైభాగముననే, ముఖ్యముగా కుడి ప్రక్కన, మొదలగును. పాత కోరింతదగ్గు గాని తట్టు గాని మిగిల్చిన బ్రాంకియెక్టాసిస్ కూడ నీడనే వేయును. గిరిజన ప్రాంతములలో కనిపించు సికిల్ సెల్ వ్యాధిలో రొమ్ము నొప్పి, జ్వరముతో వచ్చు ఉపద్రవము కూడ ఫిలిము మీద న్యుమోనియావలెనే ఉండును. నీడ ఒకటే, దానిని వేసిన వస్తువులు నాలుగు.

ఈ సందర్భములో ఒక కొత్త పరిణామమును విమర్శింపక తప్పదు. చేతితో మోయదగిన, కొద్ది కిలోల బరువు గల ఎక్స్-రే యంత్రములు వచ్చినవి. 2024 డిసెంబరు 7న ప్రారంభమైన దేశవ్యాప్త నూరుదినముల క్షయ నిర్మూలన ఉద్యమములో వీటిని వాడిరి. డోలీలో రోగి యంత్రము దగ్గరకు దిగివచ్చుటకు బదులు, యంత్రమే సంచిలో రోగి దగ్గరకు ఎక్కిపోవుట గొప్ప మేలు. దీనితోపాటు ఫిలిమును చదువు కంప్యూటరు ప్రణాళికలు కూడ వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వీటిని ఆమోదించినప్పుడు 15 ఏండ్లు, అంతకు పైబడినవారికి మాత్రమే అని హద్దు పెట్టినది. ఈ హద్దు మిక్కిలి ముఖ్యము. పెద్దల నీడలను చదువ నేర్చిన యంత్రము పిల్లల నీడలను అదే నేర్పుతో చదువునని నమ్ముటకు వీలులేదు. పిల్లలలో క్షయ రూపము వేరు. గుండె పక్కనున్న గ్రంథుల వాపు వారిలో ముఖ్య లక్షణము. యంత్రము ‘క్షయ ఉన్నదా లేదా’ అను ప్రశ్న కొరకు తయారైనది. ‘మరి ఏ రోగము’ అను ప్రశ్న దానికి తెలియదు. యంత్రము కొండ ఎక్కినది గాని, దాని వెంట ఆ ప్రశ్న కూడ ఎక్కవలెను.

ముందు ప్రశ్న, తరువాత చిత్రము

సికిల్ సెల్ విషయములో ఈ క్రమము సరిగా ఏర్పడుచున్నది. 1952లో నీలగిరి కొండలలో తొలిసారి మన దేశమున ఈ లక్షణము బయటపడినది. 2023 జూలై 1న ఆరంభించిన జాతీయ కార్యక్రమము గిరిజన ప్రాంతములలో 40 ఏండ్ల లోపు వారిని, 7 కోట్ల మందిని, పరీక్షింప తలపెట్టినది. ఇది కూడ సిస్టిక్ ఫైబ్రోసిస్ వలెనే రెండు లోప జన్యువులు కలిసినప్పుడు వచ్చు రోగము. ఇక్కడ ఎవరును ముందుగా చిత్రము తీయుట లేదు. ముందుగా రక్తపు బొట్టు తీయుచున్నారు.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు రక్తపు బొట్టునకు బదులు చెమట బొట్టు. పైలోకార్పిన్ అను మందును స్వల్ప విద్యుత్ ప్రవాహముతో చేతి చర్మములోనికి పంపి, సుమారు అరగంట చెమటను పోగుచేసి, క్లోరైడును కొలుతురు. లీటరునకు 60 మిల్లీమోలులు గాని అంతకు మించి గాని ఉన్నచో రోగమున్నదని చెప్పవచ్చును. 30కి లోపైనచో రోగము ఉండుట అరుదు. నడుమ ఉన్నచో మరల పరీక్షింపవలెను. ఉప్పు నీటిలో సిల్వర్ నైట్రేటు వేసినచో తెల్లని అవక్షేపము ఏర్పడుటను ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో ప్రతి విద్యార్థియు చూచును. క్లోరైడును కొలుచు పరికరములు కొన్ని ఆ వెండి-క్లోరైడు చర్య మీదనే ఆధారపడినవి. విదేశీ పరికరము ఖరీదైనదని ఊరకుండక, న్యూఢిల్లీ వైద్య విజ్ఞాన సంస్థలో కాబ్రా మొదలగు వైద్యులు స్వదేశీ పద్ధతిలో చెమటను పోగుచేసి కొలుచుటను రూపొందించి 2002లో ప్రకటించిరి. సి.టి. యంత్రము ఖర్చుతో పోల్చినచో దీని ఖర్చు లెక్కలోనిది కాదు. అయినను ఉపన్యాసములలో, ప్రదర్శనలలో, పత్రికలలో రంగుల చిత్రములకున్న వైభవము చెమట బొట్టునకు లేదు. ఇది శాస్త్రము దోషము కాదు, అభిరుచి దోషము.

రోగము నిశ్చయమైన తరువాత చిత్రములకు చోటున్నది, పెద్ద చోటే ఉన్నది. నిండుగా ఊపిరి పీల్చినప్పుడు తీసిన సాదా ఎక్స్-రే పునాది. దానిని తేదీతో భద్రపరచవలెను. జ్వరము వచ్చి ఆయాసపడునప్పుడు ధ్వని తరంగ పరీక్ష తోడు. చికిత్స మార్చవలెనా అన్న నిర్దిష్టమైన సందేహము వచ్చినప్పుడు, పిల్లల మోతాదుతో సి.టి. తీయు చోటికి పంపి, ఒకసారి తీయించుట న్యాయము. ఏండ్లకొలది అనుసరించి చూడవలసిన చోట, వీలున్న నగరములలో, ఎం.ఆర్.ఐ. మేలు. 2012 నుండి, ముఖ్యముగా 2019 తరువాత, చెడిన క్లోరైడు ద్వారమునే సరిచేయు మందులు వచ్చినవి. ఏ మందు ఎవరికి పనిచేయునో నిర్ణయించునది కూడ జన్యు పరీక్షయే గాని చిత్రము కాదు. మందు పనిచేసినదా అని చూపునది మాత్రము చిత్రము కాగలదు.

‘క్షయ, న్యుమోనియా, సికిల్ సెల్ ఉన్న కొండలలో ఇంత అరుదైన రోగమును గూర్చి ఎందుకు?’ అని ఎవరైన అడుగవచ్చును. ప్రశ్న సరియైనదే. జవాబు ఏమనగా, ఈ అరుదైన రోగము మిగిలిన రోగముల చిత్రములను చదువు పద్ధతికి ఒరపిడిరాయి. ‘ఈ నీడను వేసినది మరేదైన కావచ్చునా?’ అని ఒక బిడ్డ కొరకు అడుగ నేర్చిన వైద్యుడు తక్కిన తొంబదితొమ్మిది మంది కొరకును అడుగును. క్షయ ఉన్న బిడ్డకు కూడ దాని వలన మేలే. నిరూపణ జరిగి సరియైన మందు అందును.

ఇందులో ఉపాధ్యాయుని పాలు చిన్నది కాదు. గిరిజన ఆశ్రమ పాఠశాలలో పిల్లలను దినదినము చూచునది ఉపాధ్యాయుడే. ఆసుపత్రి వారు చూచునది ఏడాదికి ఒకటి రెండు సార్లు. దగ్గు ఎన్ని వారములైనది, బరువు నెలనెలకు ఎట్లున్నది, జిడ్డు విరేచనములు ఉన్నవా, ఎండలో ఆడిన తరువాత నుదుట ఉప్పు పొర కట్టుచున్నదా, అన్నదమ్ములలో ఎవరైన ఇట్లే దగ్గి చిన్నతనముననే పోయినారా: ఈ ఐదు ప్రశ్నలకు జవాబులను ఒక కాగితము మీద వ్రాసి బిడ్డతో పంపినచో, ఆ కాగితము వైద్యునకు ఫిలిముతో సమానమైన సాక్ష్యము. పాత ఎక్స్-రేలను పాఠశాల బీరువాలో దాచియుంచుటకు కొత్త నిధులు అక్కరలేదు.

చిత్రణ పద్ధతులు ఇంకను మెరుగగును. మోతాదు తగ్గును, యంత్రము చిన్నదగును, ధర దిగును. అవి ఎంత మెరుగైనను నీడ నీడయే. దానిని చూచి తొందరపడి పేరు పెట్టుట సులభము. పేరు పెట్టుటకు ముందు మరొక ప్రశ్న అడుగుట కష్టము. విజ్ఞానము నేర్పునది ఆ రెండవ పనిని.